ఆదివారపు దెబ్బలు

గోడ మేకును బయటికి నెట్టేసరికి ఉదయం ఏడున్నర అయింది. వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్న వకుళకు ఆ చప్పుడు వినబడింది. మేకు నేలమీద పడి, దొర్లి, బల్ల కాలికి తగిలి ఆగింది.

"ఎంతసేపు నిలబడిందే?" పడగ్గదిలోంచి చలపతి అడిగాడు.

"ఆరు రోజుల పదిహేను గంటలు," అంది ధాత్రి, మేకును ఏరి గౌను జేబులో వేసుకుంటూ. ఎనిమిదేళ్ళ ఆ పిల్లే ఆ ఇంటి పందేలకు లెక్కలమనిషి. "పోయిన నెలలో మేకు ఏడు రోజులు దాటింది. ఓడిపోయావు నాన్నా."

"ఆముదం రాసి కొట్టానే. మీ మామ్మ చెప్పిందని రాశాను. అందుకే జారిపోయింది."

"నా మీదకి తొయ్యకు. నేను ఆముదం రాయమన్నది నీ మోకాలికి," అంది కామేశ్వరమ్మ, విస్తరి ముందు కూచుని.

వకుళ నవ్వుకుంది. ఏడో నెల కావడంతో ఎక్కువసేపు నిలబడితే నడుం లాగుతోంది. అయినా అట్టు చుట్టూ నూనె సమంగా పడిందో లేదో చూసి గాని ఆమె గరిటె కింద పెట్టలేదు.

కాకినాడకు దక్షిణంగా, సముద్రం రెండుసార్లు లోపలికి వచ్చి పోయిన నేల మీద ఆ కాలనీ వెలిసింది. అక్కడి ఇళ్ళను ఎవరూ కట్టలేదు. అవి పెరిగాయి. మానురాయి అనే పదార్థాన్ని అచ్చులో పోసి ఉప్పునీళ్ళు పెడితే మూడు నెలల్లో గోడలు, కప్పు, గడపలు అన్నీ ఒకే ముక్కగా లేచి నిలబడతాయి. ఒంటి మీద గాయం మానినట్టు దాని మీద పడిన బీట మానిపోతుంది. పగలంతా ఎండను లోపలికి తాగి గోడలు తమంత తామే వెలుగు ఇస్తాయి. తుఫాను వస్తే కిటికీలు అరగంటలో పూడుకుపోతాయి, గాలి తగ్గాక మళ్ళీ విచ్చుకుంటాయి. ఇంట్లో ఎవరెక్కడున్నారో చూడడానికి గదికి రెండు చూపుచుక్కలు, వినడానికి ఒక చెవిజల్లెడ, చేతికి కట్టుకునే ఆనవాలు పట్టీ. వీటన్నిటి వెనకా ఆలోచించే దాన్ని ఇంటిమతి అంటారు. తాపీమేస్త్రీలు, వడ్రంగులు, రంగులవాళ్ళు ఆ కాలనీ మొహం చూసి పదేళ్ళయింది.

చలపతికి ఇల్లంటే ఏదో ఒకటి కొట్టాలి, అతికించాలి, పూయాలి. ఓడరేవులో ఉద్యోగం, ఆదివారం సెలవు. మొదటి ఆదివారం అతను గోడకు మేకు కొట్టగానే ఇల్లు గొల్లుమంది. ప్రమాద గంట మోగింది, తలుపులన్నీ తెరుచుకున్నాయి, పావుగంటలో ఇళ్ళకు వైద్యం చేసే గృహవైద్యురాలు పరుగున వచ్చింది. రెండో ఆదివారం కూడా అంతే. ఎనిమిది ఆదివారాలు గడిచాక ఇంటిమతికి అర్థమైంది. మర్నాడు, తన మాట చూపడానికి హాల్లో ఉన్న పలకతెర మీద ఇలా రాసింది: 'నిన్న పదిహేడు దెబ్బలు. ఆదివారపు ఆట. నిరపాయం.' ఆ రోజు వకుళ సేమ్యా పాయసం చేసింది.

"మనతో ఆడడం నేర్చుకుంది చూశావా," అన్నాడు చలపతి, కొడుకు మొదటిసారి సైకిలు తొక్కినంత సంబరంగా.

అప్పటినుంచి అదొక పందెం. వాళ్ళు ఏది పెట్టినా ఇల్లు చెరిపేసేది. అది చెరపడానికి ఎంతసేపు పడుతుందో ధాత్రి రాసుకునేది. దసరా బొమ్మలకని మట్టితో కట్టిన మెట్లను గోడ నాలుగు రోజుల్లో నమిలేసింది. ధాత్రి హాలు గోడ మీద పెద్ద చిలక బొమ్మ వేస్తే, సోమవారానికి ముక్కు పోయింది, మంగళవారానికి రెక్కలు పోయాయి, బుధవారం పొద్దున తోక ఒక్కటే మిగిలింది. ఇరుగుపొరుగువారు వీళ్ళను మేకులవాళ్ళని పిలిచేవారు. పెరట్లో వెదుళ్ళు పాతి, కొబ్బరితాడుతో కట్టిన పొట్లపందిరి మాత్రం నిలబడింది. అది గోడను ఎక్కడా తాకదు. కాయలు వంకర పోకుండా వాటి కొసలకు రాళ్ళు కట్టి, పందిరి కింద కూచుని ఇంటిని వెక్కిరించేవాళ్ళు.

ఇంట్లో నిలిచినది ఒక్కటే ఉంది. అది వకుళది. ప్రతి శుక్రవారం ఆమె గడపలకు పసుపు రాస్తుంది. మొదట మూడు నెలలపాటు మధ్యాహ్నానికల్లా ఇల్లు తుడిచేసింది. ఆమె దాంతో పందెం వెయ్యలేదు. మళ్ళీ శుక్రవారం మళ్ళీ రాసింది. నాలుగు వేళ్ళు ఆనించి ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి, ఆ తరవాత అయిదు బొట్లు. "వీధి గుమ్మానికి రాస్తే చాల్లే అమ్మాయ్, సామాన్ల గదికి కూడా ఎందుకు, ఒంగలేక," అని అత్తగారు అన్నా వినేది కాదు. రాస్తే అన్నిటికీ రాయాలి. నాలుగో నెలలో ఇల్లు ఊరుకుంది. పలకతెర మీద ఆ పని పేరు 'ఆట' అని పడలేదు. 'ఇంటి అవసరం' అని పడింది.

ఆ ఆదివారం పన్నెండు దాటాక సూర్యగ్రహణం. పట్టు పన్నెండుంపావుకి, విడుపు మూడింటికి.

"నాకు నమ్మకం లేదండీ," అని వకుళ నాలుగు రోజుల కిందటే భర్తతో అంది. ఆమె వృక్షశాస్త్రం చదువుకుంది.

"నాకు మాత్రం ఉందా?"

"మరి అత్తయ్యగారికి చెప్పండి."

చలపతి తల గోక్కున్నాడు. మూడేళ్ళ కిందట వకుళకు నాలుగో నెలలో గర్భం నిలవలేదు. ఆ నెలలో చంద్రగ్రహణం వచ్చింది, వకుళ ఆ సాయంత్రం కూర తరిగింది. కామేశ్వరమ్మ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. ఇప్పుడు కూడా ఇంతే అంది: "చీకటి గదిలో కదలకుండా పడుకుంటే చాలు తల్లీ. మూడు గంటలు. నాకోసం."

పైకి అనని మాటకు ఎదురు చెప్పడం వకుళకు చేతకాలేదు.

చిక్కల్లా చీకటి దగ్గర వచ్చింది. గోడలే వెలిగే ఇంట్లో చీకటి ఎక్కడ దొరుకుతుంది? చలపతి మొహం వెలిగింది. "చీకటి కట్టేద్దాం," అన్నాడు.

ఉదయమంతా అదే పని. సామాన్ల గది ఖాళీ చేశారు. కామేశ్వరమ్మ గిన్నెడు మైదా ఉడికించి జిగురు చేసింది. పాత నేత చీరలు నాలుగు మడతలేసి గోడలకు, కప్పుకు అతికించారు. చూపుచుక్కల్లో చిన్న దీపాలుంటాయి, కాబట్టి వాటి మీద సగం కొబ్బరి చిప్పలు బోర్లించి అంటించారు. చెవిజల్లెడ పచ్చగా మినుకుమంటుంటే దాంట్లో దూది కూరారు. ధాత్రి నడుమ నిలబడి మొహం ముందు పిడికిలి పెట్టుకుని పరీక్ష చేసేది.

"కనిపిస్తోంది నాన్నా."

"ఇప్పుడు?"

"బొటనవేలు కనిపిస్తోంది."

"ఓసి దీని చూపు తగలెయ్యా. ఇంకో చీర ఇవ్వమ్మా."

"ఇది నా పెళ్ళినాటిదిరా."

"దానికీ పెళ్ళి చూసిన అనుభవం ఉంది, చీకటి బాగా పడుతుంది," అన్నాడు చలపతి. కామేశ్వరమ్మ నవ్వుతూనే చీర ఇచ్చింది.

పన్నెండింటికి వకుళ లోపలికి వెళ్ళింది. లోహం ఒంటి మీద ఉండకూడదని అత్తగారు గాజులు, పిన్నులు తీయించింది. ఆనవాలు పట్టీకి ఇత్తడి కొక్కెం ఉందని అదీ తీయించింది. చాప, దిండు, గరికపోచ వేసిన రాగిచెంబుతో నీళ్ళు. "తాగడానికి కాదు, ఊరికే ఉండనీ," అంది. తలుపు మూసుకుంది. తలుపు కింద సన్నటి వెలుగు గీత ఉంది. అక్కడ గుడ్డ కుక్కలేదు వీళ్ళు, అనుకుంది వకుళ. ఏ పని చేసినా చివరి కొస వదిలేస్తారు.

ఎడమవైపుకు తిరిగి కదలకుండా పడుకుంది. బయట ధాత్రి ఏదో చెబుతుంటే మామ్మ కసురుతోంది. మైదాజిగురు వాసన. బిడ్డ రెండుసార్లు కాలు విసిరింది. ఇంట్లో అందరూ ఆడుకుంటూ కట్టిన ఈ చీకటిలో తనొక్కతే నిజంగా ఉండాల్సి వచ్చిందనిపించి కాస్త కోపం వచ్చింది, కాస్త నిద్ర కూడా వచ్చింది.

ఎంతసేపు కునుకు పట్టిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి వెలుగు గీత లేదు. గుడ్డ కుక్కారన్న మాట, అనుకుంది. కాని ధాత్రి గొంతు కూడా లేదు. ఎవరి గొంతూ లేదు. మూతపెట్టిన డబ్బాలో ఉన్నట్టుంది. అప్పుడు పైనుంచి ఒక చప్పుడు వినబడింది. పాత గుడ్డను పట్టి మెల్లగా, ఒక్కొక్క పోగుగా చింపుతున్నట్టు.

ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. కప్పుకు అంటించిన చీర చిరుగుతోంది. దాని వెనక ఏదో ఉబ్బుతోంది.

కదలనని ఇచ్చిన మాట గుర్తుకొచ్చింది. ఇంకొక నిమిషం అలాగే పడుకుంది. తరవాత ఆ నిమిషానికి ఆమె తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. ఆపైన లేచి, చేతులు చాచుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు ఉండాల్సిన చోట గోడ ఉంది. గోరువెచ్చగా, పులిసిన పిండిలా మెత్తగా, చెయ్యి నొక్కితే కాస్త లోపలికి పోయి, నొక్కిన చేతిని మెల్లగా వెనక్కి తోస్తూ.

వకుళకు అంతా ఒక్కసారి అర్థమైంది. చూపు లేదు, వినికిడి లేదు, పట్టీ లేదు, లోపల కదలిక లేదు, బయట మిట్టమధ్యాహ్నం ఎండ తగ్గిపోయింది. ఇంటి లెక్కలో ఇది గది కాదు. తుఫానులో దెబ్బతిన్న ఖాళీ బొరియ. ఇల్లు దాన్ని మాన్పుతోంది.

"ఏవండీ," అని పిలిచింది. "అత్తయ్యగారూ." గొంతు తన చెవులకే తిరిగొచ్చింది. చీరలను పీకి కొబ్బరి చిప్పల కోసం వెతికింది. అవి ఎప్పుడో గోడలో కలిసిపోయాయి.

చెంబు ఎత్తి గోడకేసి కొట్టింది. నీళ్ళు సగం ఒలికాయి. మళ్ళీ కొట్టింది. అయిదారు దెబ్బల తరవాత అదే చోట తడిమితే గోడ ఇందాకటికంటే ముందుకు వచ్చి ఉంది. కొట్టిన చోటల్లా ఇంకొంచెం మందమైంది. అటువైపు నుంచి, ఎంతో లోతునుంచి, దబదబమని చప్పుడు వినిపించింది. చలపతి సుత్తి. అతను కొడుతున్నాడు, పిచ్చిగా కొడుతున్నాడు. ప్రతి దెబ్బకూ గోడ ఆమె అరచేతి కింద నెమ్మదిగా ఉబ్బింది.

ఆదివారం. దెబ్బలు. ఆట. నిరపాయం.

కొట్టకండి, అని అరవాలనిపించింది. అరిచినా వినబడదు. ఆమె చెంబును జాగ్రత్తగా, చప్పుడు కాకుండా కింద పెట్టింది. గాలి వేడెక్కింది. కప్పు జుట్టుకు తగిలింది. వంగింది. కడుపులో బిడ్డ నిమ్మళంగా ఉంది, మరీ నిమ్మళంగా ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని మోకాళ్ళ మీద కూచుంది. అరవడం, కొట్టడం ఈ ఇంటికి తెలిసిన భాషే. వాటికి అర్థం ఏమిటో తామే నేర్పారు. పాయసం చేసుకుని మరీ.

తాను వేరే ఏమి నేర్పింది?

ఆమె చేత్తో నేల తడుముకుంటూ వెళ్ళింది. చాప అంచు, ఒలికిన నీళ్ళు, తలుపుకు ఎడమ మూల. గడప మీద గోడ దిగింది, కాని గడప ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. మూడేళ్ళుగా శుక్రవారం శుక్రవారం వంగిన చోటు. చెంబులో మిగిలిన నీళ్ళలో నాలుగు వేళ్ళు ముంచింది. పసుపు లేదు. వేళ్ళు ఆనించి ఎడమ నుంచి కుడికి రాసింది. తొందరపడకుండా, శుక్రవారం ఎంత నెమ్మదిగా రాస్తుందో అంతే నెమ్మదిగా. కుడి నుంచి ఎడమకు. తరవాత ఉంగరంవేలితో అయిదు బొట్లు, సమంగా ఎడం ఉండేటట్టు.

ఏమీ కాలేదు. కప్పు వీపుకు ఆనింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఎడమ నుంచి కుడికి.

మూడోసారి రాస్తుండగా ఆమె వేళ్ళ కింద గోడ వెనక్కి తగ్గింది. గడప నునుపు తగిలింది. ఇంకోసారి రాసింది. బెత్తెడు ఎత్తున, గడప పొడుగునా, ఇల్లు దారి ఇచ్చింది. ఇంటి అవసరానికి ఎంత చోటు కావాలో అంతే. ఆ సందులోంచి చల్లటి గాలి, హాలు వెలుగు, ధాత్రి ఏడుపు ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. వకుళ చెయ్యి ఆ సందులోంచి అవతలికి చాచింది.

హాలులోని చూపుచుక్కకు గోడ కిందనుంచి తడి వేళ్ళు నాలుగు కనిపించాయి. అప్పుడు ఇల్లు గొల్లుమంది. దాదాపు మూడేళ్ళ తరవాత మొదటిసారిగా ప్రమాద గంట మోగింది, గది మీద దిగిన గోడ వెనక్కి తగ్గింది, తలుపులన్నీ తెరుచుకున్నాయి.

చలపతి చేతిలో సుత్తి అలాగే ఉంది. కామేశ్వరమ్మ నేలమీద కూలబడి కోడలి పాదాలకు అంటిన తెల్లటి పిండిని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది, ఆపకుండా తుడుస్తూనే ఉంది. కడుపులో బిడ్డ కాలు విసిరింది. ఆ కదలికతో వకుళకు ఏడుపు వచ్చింది.

ధాత్రి ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది. "అమ్మా, చీకటి సరిపోయిందా?"

గృహవైద్యురాలు పావుగంటలో వచ్చింది. పలకతెర మీద లెక్కలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివింది.

"గోడ మీద కొట్టడమంటే ప్రాణాపాయమని దానికి పుట్టుకతోనే నేర్పుతామండి," అంది చివరికి. "మీరు దాన్ని మరిపించారు."

"మళ్ళీ నేర్పండి," అన్నాడు చలపతి.

"రెండు దారులున్నాయి. దాని జ్ఞాపకం మొత్తం తీసేయొచ్చు. కొత్త ఇల్లయిపోతుంది."

"గడప కూడా మరిచిపోతుందా?" అని అడిగింది వకుళ.

"అన్నీ మరిచిపోతుందమ్మా."

"రెండోది చెప్పండి."

"ఏడాదిపాటు దానిమీద ఒక్క దెబ్బ కూడా పడకూడదు. చిన్నదైనా సరే. పడితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఏడాది గడిస్తే ఆట మరిచిపోతుంది, భయం గుర్తుకొస్తుంది."

అందరూ వకుళ మొహం చూశారు. ఆమె గడప వైపు చూసింది. రెండోదే అంది.

ఆ రాత్రే చలపతి సుత్తిని గోనెలో చుట్టి పొట్లపందిరి కింద పాతిపెట్టాడు. కామేశ్వరమ్మ రోలు పెరటి చివరికి వెళ్ళింది. కొబ్బరికాయను వీధిలోకి తీసుకెళ్ళి కొట్టుకొచ్చేవారు. కుర్చీల కాళ్ళకు గుడ్డలు కట్టారు. ధాత్రి బంతిని పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. తలుపులను రెండు చేతులతో పట్టుకుని మూసేవారు. గిన్నె జారితే ముగ్గురు చేతులు ఒకేసారి చాచేవారు. పలకతెర మీద రోజూ ఒక అంకె పెరిగేది. పొద్దున లేవగానే అందరూ ముందు దాన్ని చూసేవారు. చిలకలు లేవు, పందేలు లేవు. ఆదివారాలు ఉండేవి, కాని వాటిలో ఏమి చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. చలపతి మధ్యాహ్నం పందిరి కింద కూచుని, కాయలకు కట్టిన రాళ్ళు విప్పి, మళ్ళీ కట్టేవాడు.

ఆడపిల్ల పుట్టింది. ఉత్పల అని పేరు పెట్టారు. బారసాలకు వాయిద్యాలు వద్దన్నారు. ఉయ్యాలను కప్పుకు కట్టకుండా నాలుగు కాళ్ళ చట్రం మీద పెట్టారు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకునేవారు, నవ్వితే "హుష్" అనేవారు. నవ్వుకు వద్దనాల్సిన పని లేదని వకుళకు తెలుసు. అయినా ఆమె నోటి నుంచీ అదే వచ్చేది.

అంకె మూడు వందల నలభై ఒకటికి చేరింది.

ఆ సాయంత్రం వకుళ హాల్లో బట్టలు మడతపెడుతోంది. తొమ్మిదో నెల నిండిన ఉత్పల పాక్కుంటూ వంటింట్లోకి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు పప్పు కలిపే కొయ్య తెడ్డు ఒకటి పట్టుకొచ్చింది. గోడ పట్టుకుని లేచి నిలబడింది. మొదటిసారి తనంత తాను నిలబడింది. చలపతి చూసి మొహం విచ్చుకుని ఏదో అనబోయాడు. పిల్ల ఆ సంతోషంలోనే తెడ్డు ఎత్తింది.

వకుళ లేచేలోపు దెబ్బ పడింది. ఒక్కటే. మెత్తని చప్పుడు.

ఎవరూ కదల్లేదు. కామేశ్వరమ్మ చేతిలో ఒత్తి అలాగే ఆగిపోయింది. ధాత్రి పలకతెర వైపు చూసి, కళ్ళు తిప్పేసుకుంది. 'ఒక దెబ్బ. ఆట. నిరపాయం.' దాని కింద సున్నా.

"నాన్నా, మళ్ళీ మొదటినుంచా?" అని ధాత్రి గుసగుసగా అడిగింది.

వకుళ వెళ్ళి పిల్ల చేతిలోంచి తెడ్డు తీసుకుంది. కోపంగా ఏమీ తీసుకోలేదు. ఏడుస్తుందని ఎత్తుకోవడానికి చేతులు చాచింది. ఉత్పల ఏడవలేదు. తల్లి మొహం చూసింది, తండ్రి మొహం చూసింది, మామ్మ మొహం, అక్క మొహం చూసింది. తరవాత గోడ వైపు తిరిగి, తెడ్డు తగిలిన చోట చిన్న అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా, జాగ్రత్తగా తుడవడం మొదలుపెట్టింది.

అక్కడ తుడవడానికి మరక ఏమీ లేదు.